డీవీడీ డ్రైవు ఖాళీ చేసిన చోటు

(తిరుపతిలో కంప్యూటర్ సర్వీసు షాపుల వాళ్ళు, ఫోటో స్టూడియోల వాళ్ళు, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద మూడు వస్తువులున్నాయి. ఒకటి పాత ల్యాప్‌టాప్‌లోంచి ఊడదీసిన డీవీడీ రైటర్. రెండోది రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్కులాగా తిరిగే పలకలు లేకుండా చిప్పుల్లో సమాచారం దాచేది. సాటా అనేది డిస్కును బోర్డుకు కలిపే కనెక్షన్ రకం. మూడోది చూపుడువేలంత ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ. వెనక వరసల వాళ్ళకు సరిగ్గా కనబడదు, సభ అయినాక దగ్గరికొచ్చి చేత్తో పట్టుకుని చూడండి. కొలతలు మాత్రం ఇప్పుడే చెబుతాను. ఈరోజు మాట్లాడేదంతా చోటు గురించే.

డీవీడీ రైటర్ వెడల్పు 128 మిల్లీమీటర్లు, లోతు దాదాపు 127, మందం 12.7. మూడూ గుణిస్తే 206 ఘన సెంటీమీటర్లు వస్తుంది. రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డీ పొడవు 100, వెడల్పు 70, మందం 7. అది 49 ఘన సెంటీమీటర్లే. ఎం.2 అయితే 22 వెడల్పు, 80 పొడవు, మందం మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అంతా కలిపి ఐదు ఘన సెంటీమీటర్ల చిల్లర. అంటే ఒక్క డీవీడీ రైటర్ తిన్న చోటులో నాలుగు ఎస్ఎస్‌డీల పరిమాణం పడుతుంది. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 జీబీ. 1 టీబీ ఎస్ఎస్‌డీలో అట్లాంటి డీవీడీలు 200 పైచిలుకు పడతాయి.

అంచు సంగతి కూడా చూడండి. ట్రే పక్కనుంచి బయటికి రావాలి కాబట్టి ల్యాప్‌టాప్ ఒక పక్క అంచులో 13 సెంటీమీటర్లు దానికే పోతుంది. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ పక్క అంచు మొత్తం పాతిక సెంటీమీటర్లుంటే అందులో సగం ఇది. అందుకే పాత ల్యాప్‌టాప్‌లలో యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ, ల్యాన్ అన్నీ రెండో పక్కకు పోయి ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. లావుపాటి పెన్‌డ్రైవ్ పెడితే పక్కది పట్టదు. పైగా ఆ మూల అడుగంతా డొల్ల. అక్కడ పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తితే బాడీ వంగుతుంది. వంగీ వంగీ కొన్నిటిలో ట్రే దానంతటదే బయటికొస్తుంది, కొన్నిటిలో అసలు రాదు.

ఇక వేగం. 8 ఎక్స్ డీవీడీ అంటే సెకనుకు 11 ఎంబీ, అది కూడా డిస్కు బయటి అంచుకు చేరినప్పుడు మాత్రమే. లోపలి చుట్ల దగ్గర అందులో సగం కూడా రాదు. నిండు డీవీడీ ఒకటి చదవడానికి గీతలేమీ లేకుండా ఉంటే పది నిమిషాలు పడుతుంది. అదే 4.7 జీబీ సాటా ఎస్ఎస్‌డీలోంచి పది సెకన్లలో వస్తుంది.

కాబట్టి ల్యాప్‌టాప్‌లోంచి డిస్కు డ్రైవు తీసేయడం సరైన పనేనా అంటే, సరైనదే. నాకు ఇందులో సందేహం లేదు. 2008 జనవరిలో యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ డ్రైవు లేకుండా వచ్చింది. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ అనే పేరుతో సన్నటి ల్యాప్‌టాప్‌లను ముందుకు తోసింది. 2012లో రెటీనా తెర ఉన్న మ్యాక్‌బుక్ ప్రోలో కూడా తీసేశారు. మన దగ్గర అమ్మిన 15.6 అంగుళాల వాటిలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు కొనసాగింది. అందుకే గాంధీ రోడ్డులోనైనా చిత్తూరు బజారులోనైనా సర్వీసు షాపు బల్ల మీద ఇప్పటికీ డ్రైవున్న ల్యాప్‌టాప్‌లు కనబడుతున్నాయి. నా బాధ వేరే. డ్రైవు పోయింది గానీ, ఆ 206 ఘన సెంటీమీటర్లు వాడేవాడికి రాలేదు. మందం తగ్గించడానికి పోయింది. మందంతో పాటు ర్యామ్ బోర్డుకు అతికించేశారు, చౌక రకాల్లో 64 జీబీ స్టోరేజిని కూడా బోర్డుకే అతికించేశారు, బ్యాటరీని లోపల పెట్టి మూసేశారు. ఒకటి పోయినచోట ఇంకొకటి రావాలి కదా. అదే నేను అడిగేది.

అట్లా ఇచ్చిన కాలం ఒకటుంది. థింక్‌ప్యాడ్ టీ సిరీస్ ల్యాప్‌టాప్‌లలో అల్ట్రాబే అనే గూడు ఉండేది. మీట నొక్కితే డీవీడీ డ్రైవు మొత్తం చేతికొచ్చేది. ఆ చోటులో రెండో హార్డ్ డిస్కు పెట్టుకోవచ్చు, లేకపోతే సన్నటి రెండో బ్యాటరీ పెట్టుకోవచ్చు. ఆ బ్యాటరీ సుమారు 30 వాట్-అవర్లది. మామూలు టైపింగ్, బ్రౌజింగ్ పనికి ల్యాప్‌టాప్ 10 నుంచి 15 వాట్లు తింటుంది, అంటే ఇంకో రెండు మూడు గంటలు. డెల్ ల్యాటిట్యూడ్ డీ సిరీస్‌లో కూడా ఇదే ఏర్పాటు. డిస్కు కావాల్సినరోజు డ్రైవు, ప్రయాణం రోజు బ్యాటరీ. ఆ పద్ధతి పోకుండా ఉండాల్సింది.

సరే, ఇప్పుడు చేతిలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ల సంగతి. డీవీడీ డ్రైవు తీసి దాని కొలతలోనే ఉండే క్యాడీ అనే చట్రం పెట్టి అందులో హార్డ్ డిస్కు వేయడం షాపుల వాళ్ళందరికీ తెలిసిన పనే. తెలిసిన పనిలోనే తప్పులెక్కువ. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

క్యాడీ కొనేముందు మందం చూడాలి. 12.7 మిల్లీమీటర్లది ఒకటి, 9.5 మిల్లీమీటర్లది ఇంకొకటి. ముందున్న ప్లాస్టిక్ మూతను కొలవొద్దు, అది వంపుగా ఉండి మోసం చేస్తుంది. డ్రైవు ఇనుప ఒంటిని కొలవండి. స్కేలు లేకపోతే డ్రైవు మీదున్న చీటీ చదవండి. హిటాచీ-ఎల్‌జీ డ్రైవుల్లో జీటీతో మొదలైతే 12.7, జీయూతో మొదలైతే 9.5. తోషిబా-శామ్‌సంగ్‌లో ఎస్ఎన్-208 లావుది, ఎస్‌యూ-208 సన్నది. 12.7 చోటులో 9.5 క్యాడీ పెడితే కనెక్టర్ ఎత్తు కలవదు, ఒకసారి తగిలి ఇంకోసారి తగలదు. కస్టమర్ బ్యాగులో పెట్టుకుని శ్రీకాళహస్తి దాకా బస్సులో పోయేసరికి డిస్కు కనబడకుండా పోతుంది. రెండో విషయం, 2008కి ముందు వచ్చిన వాటిలో డ్రైవు కనెక్టర్ సాటా కాకుండా ఐడీఈ అనే పాత రకం అయ్యుండొచ్చు. దానికి కూడా మార్పిడి క్యాడీలు దొరుకుతాయి గానీ, అంత పాతదానికి డబ్బు పెట్టించడం కస్టమర్‌కు న్యాయం కాదు.

డ్రైవు వైపు కనెక్టర్‌ను చూడండి. డేటాకు 7 పిన్నులు, పవరుకు 6 పిన్నులే. మామూలు సాటా డిస్కుకు పవరు వైపు 15 ఉంటాయి. క్యాడీలో ఉన్న చిన్న బోర్డు చేసేది ఈ రెండిటినీ కలపడమే. 6 పిన్నుల్లో వచ్చేది 5 వోల్టులు మాత్రమే. రెండున్నర అంగుళాల డిస్కులు 5 వోల్టులతోనే నడుస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు.

పని మొదలుపెట్టేముందు ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉండగానే ట్రే బయటికి తీసి డిస్కు ఏదైనా ఉంటే తీసేయండి. విండోస్ 10, 11లో బిట్‌లాకర్ అనే డిస్కు తాళం ఉందో లేదో చూడండి. ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకునేదాకా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయండి. మామూలుగా షట్‌డౌన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఛార్జర్, బ్యాటరీ తీయండి. అడుగున డిస్కు గుర్తు ఉన్న స్టార్ స్క్రూ ఒకటుంటుంది, చాలా మోడళ్ళలో అదొక్కటే డ్రైవును పట్టుకుంటుంది. అది విప్పి డ్రైవును వేళ్ళతో పక్కకు లాగితే వస్తుంది. రాకపోతే బలం పెట్టొద్దు, కీబోర్డు కిందో వెనక మూత కిందో ఇంకో స్క్రూ దాక్కుని ఉంటుంది.

డ్రైవు వెనకాల ఎల్ ఆకారంలో చిన్న ఇనుప పట్టీ ఉంటుంది, రెండు సన్నటి స్క్రూలతో. దాన్ని విప్పి క్యాడీకి బిగించాలి. ఇది మరిచిపోయే షాపులు చాలా ఉన్నాయి. అది లేకపోతే అడుగు స్క్రూకు పట్టు దొరకదు, క్యాడీ కొంచెం కొంచెంగా బయటికి జారుతుంది, డిస్కు నడుస్తుండగా కనెక్షన్ పోతుంది. ఫైళ్ళు చెడిపోయేది ఇట్లానే. ముందున్న ప్లాస్టిక్ మూత కూడా పాత డ్రైవు నుంచి తీయాలి. ట్రే మూసి ఉంటే మూత రాదు. సన్నటి రంధ్రంలో పేపర్ క్లిప్పు నిటారుగా దూర్చి ట్రే తెరిచి, కొక్కేలను గోటితో ఒక్కొక్కటిగా వదిలించండి. స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే కొక్కెం విరుగుతుంది, తర్వాత మూత నిలబడదు, ఆ సందులోంచి దుమ్ము లోపలికి పోతుంది.

ఇప్పుడు ఏ డిస్కు ఎక్కడ పెట్టాలనేది. ఎస్ఎస్‌డీ అసలు హార్డ్ డిస్కు చోటులో, పాత హార్డ్ డిస్కు క్యాడీలో. దీన్ని తలకిందులు చేయొద్దు. కారణం చెబుతాను. ఇంటెల్ రెండో, మూడో తరం కోర్ ప్రాసెసర్లతో వచ్చిన 6, 7 సిరీస్ చిప్‌సెట్లలో సెకనుకు 6 గిగాబిట్ల సాటా పోర్టులు రెండుకు మించి ఉండవు, మిగతావి 3 గిగాబిట్లవి. డీవీడీకి వేగం అక్కర్లేదు కాబట్టి తయారీదారులు చాలాసార్లు దానికి 3 గిగాబిట్లది ఇచ్చారు. అక్కడ ఎస్ఎస్‌డీ పెడితే సెకనుకు 550 ఎంబీ రావాల్సింది 270 దగ్గర ఆగుతుంది. ఇంకా, కొన్ని ల్యాప్‌టాప్‌ల బయాస్, అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాము, డీవీడీ పోర్టులో హార్డ్ డిస్కు ఉంటే దాన్నుంచి బూట్ చేయదు. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాము తెరిచి ట్రాన్స్‌ఫర్ మోడ్ అనే వరస చూడండి. అక్కడ సాటా 300, సాటా 600 అని పక్కపక్కనే ఉంటే మొదటిది ఇప్పుడు దొరుకుతున్న వేగం, రెండోది డిస్కు శక్తి.

కొత్త విండోస్ వేస్తుంటే పాత హార్డ్ డిస్కును క్యాడీతో సహా బయటే పెట్టండి. రెండూ లోపల ఉంటే విండోస్ కొత్త దానిలో ఎక్కుతుంది గానీ బూట్ ఫైళ్ళు పాత దానిలోనే ఉండిపోవచ్చు. ఆరు నెలల తర్వాత పాత డిస్కు పోయినరోజు మంచి ఎస్ఎస్‌డీ కూడా బూట్ కాదు. కొత్తగా వేయకుండా పాత డిస్కును ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేస్తే, మొదటిసారి ఎస్ఎస్‌డీ ఒక్కదానితోనే ఆన్ చేయాలి. రెండు డిస్కులకూ ఒకే సిగ్నేచర్, అంటే గుర్తింపు సంఖ్య, ఉంటుంది కాబట్టి రెండూ పెట్టగానే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. బయాస్‌లో సాటా మోడ్ ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతికి మార్చాలి. విండోస్ ఎక్కి ఉన్నదాన్ని ఉన్నట్టుండి మారిస్తే నీలం తెర వస్తుంది. ముందు సేఫ్ మోడ్‌కు సెట్ చేసి, రీస్టార్ట్ అయ్యేటప్పుడు బయాస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరిచి, తర్వాత మామూలుగా తెరవండి.

డిస్కు కనబడకపోతే క్యాడీ బోర్డు మీద చీమంత స్విచ్చు ఉందేమో చూడండి. మూడు స్థానాలుంటాయి. ల్యాప్‌టాప్‌ను బట్టి ఒకదానిలో మాత్రమే పనిచేస్తుంది. చాలామంది క్యాడీ పాడైందని తిరిగిచ్చేస్తారు, స్విచ్చు జరిపితే సరిపోయేది. నిద్రలోంచి లేచాక డిస్కు మాయమైతే పవర్ ఆప్షన్స్‌లో హార్డ్ డిస్కు ఆగే సమయాన్ని ఆపి చూడండి. చివరగా, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో సీ7 వరస చూడండి, సీఆర్‌సీ తప్పుల లెక్క అది, అంటే డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో సమాచారం ఎన్నిసార్లు చెడిందో చెప్పేది. క్యాడీ వేసిన రోజు ఎంత ఉందో రాసుకోండి. వారం తర్వాత పెరిగి ఉంటే డిస్కును అనుమానించొద్దు, తప్పు క్యాడీ కనెక్టర్‌ది. డిస్కు మార్చితే కస్టమర్ డబ్బు వృథా, క్యాడీ మార్చితే కొన్ని వందలతో పోతుంది.

క్యాడీలో హార్డ్ డిస్కు పెట్టడం వల్ల వచ్చే నష్టం కూడా కస్టమర్‌కు చెప్పాలి. డిస్కు లేని డీవీడీ డ్రైవు దాదాపు కరెంటే తినదు. తిరుగుతున్న హార్డ్ డిస్కు పని లేనప్పుడు కూడా ఒక వాటు దాకా తింటుంది. కాబట్టి ఇది వేశాక బ్యాటరీ సమయం తగ్గుతుంది, పెరగదు. అసలు చోటులో ఉన్న రబ్బరు మెత్త కూడా క్యాడీలో ఉండదు, కుదుపులన్నీ డిస్కుకే తగులుతాయి. నన్నడిగితే, 1 టీబీ ఎస్ఎస్‌డీ ఒక్కటి కొనగలిగినవాడికి క్యాడీ అక్కర్లేదు. పాత హార్డ్ డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కు వాడుకోవడం మేలు. డీవీడీ డ్రైవును దాని చోటులో ఉండనివ్వండి, కనీసం దుమ్ము లోపలికి పోకుండా ఆపుతుంది. నాలుగు వందల జీబీ వీడియోలు రోజూ వెంట ఉండాల్సిన స్టూడియో వాళ్ళకు మాత్రం క్యాడీ పనికొస్తుంది.

ఇక డిస్కులు. డ్రైవు తీసేయడం సరే, ఇళ్ళలో ఉన్న డిస్కుల మాటేంది? మన ప్రాంతంలో మూడు రకాలు ముఖ్యం.

ఒకటి స్కానింగ్ సీడీలు. చిత్తూరు, పలమనేరు, పుత్తూరు వైపు నుంచి వేలూరు ఆసుపత్రులకు పోయేవాళ్ళు ఫిల్ముల కవరులో ఒక సీడీ పెట్టుకుని బస్సెక్కుతారు. ఆ సీడీలో ఎంఆర్‌ఐ, సీటీ బొమ్మలు డైకామ్ అనే రూపంలో ఉంటాయి. బొమ్మల ఫైళ్ళకు చాలాసార్లు చివర మూడక్షరాల తోక ఉండదు, వట్టి అంకెల పేర్లుంటాయి. పక్కనే డైకామ్‌డర్ (DICOMDIR) అనే సూచిక ఫైలుంటుంది. పెన్‌డ్రైవ్‌లోకి తీసేటప్పుడు అవి పనికిరానివి అనుకుని చూపించే ప్రోగ్రామును మాత్రమే కాపీ చేస్తే డాక్టరు దగ్గర ఖాళీ తెర కనబడుతుంది. సీడీలో ఉన్నదంతా ఉన్నట్టే ఒక ఫోల్డరులోకి తీయండి. సీడీని కూడా వెంట తీసుకుపొమ్మని చెప్పండి. ఒకసారి రాసి ముగించిన సీడీలోకి వైరస్ ఎక్కడానికి వీల్లేదు. పెన్‌డ్రైవ్‌ను చాలా ఆసుపత్రి కంప్యూటర్లు ఒప్పుకోవు. డిస్కుకు ఇప్పటికీ మిగిలిన అసలైన గొప్పతనం ఇదే. అందుకు డ్రైవు ఆసుపత్రి బల్ల మీద ఉంటే చాలు, ప్రతి ల్యాప్‌టాప్ పొట్టలో ఉండనక్కర్లేదు.

రెండోది పాటల సీడీలు. టీటీడీ విడుదల చేసిన అన్నమాచార్య సంకీర్తనల సీడీలు ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో చెప్పనక్కర్లేదు. ఆడియో సీడీని విండోస్‌లో తెరిస్తే ట్రాక్ 1, ట్రాక్ 2 అని సీడీఏ ఫైళ్ళు కనబడతాయి. వాటిని లాగి పెన్‌డ్రైవ్‌లో వేసి, పాటలు వచ్చేశాయనుకుని సీడీని పారేస్తారు. ఒక్కో ఫైలు 44 బైట్లే. అందులో పాట ఉండదు, పాట సీడీలో ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు మాత్రమే ఉంటుంది. రిప్ చేయాలి, అంటే పాటను సీడీలోంచి చదివి ఫైలుగా మార్చాలి. విండోస్ 10లో మీడియా ప్లేయరే ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి రిప్ చేస్తుంది. గీతలున్న సీడీకి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాము మంచిది, సందేహమున్న చోట మళ్ళీ మళ్ళీ చదువుతుంది. ఫ్లాక్ ఎందుకంటే నాణ్యత పోదు, సీడీకి 300 నుంచి 400 ఎంబీ అవుతుంది. 200 సీడీలున్న ఇంటికి 80 జీబీ చాలు.

మూడోది పెళ్ళి డీవీడీలు. స్టూడియోలో 500 డీవీడీలున్నాయనుకోండి. 4.7 చొప్పున 2.35 టీబీ. డిస్కుకు పదిహేను నిమిషాలు వేసుకుంటే 125 గంటలు, రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే నెల రోజుల పని. దీన్ని ఎండాకాలం ముగిశాక చూద్దాంలే అని వాయిదా వేయొద్దు. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, రాసిన డిస్కులో సమాచారం ఉండేది రంగు పొరలో, వేడికీ వెలుతురుకీ ఆ రంగు చెడుతుంది. డీవీడీలో ఉన్న వీడియో టీఎస్ ఫోల్డరు మొత్తం తీయండి, లేకపోతే డిస్కు మొత్తాన్ని ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా చేయండి. చిన్నది చేసి ఎంపీ4 మాత్రమే దాచడం తప్పు, అసలుది పోతే మళ్ళీ రాదు. 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు కొని రెండిటిలోనూ పెట్టండి, రెండూ ఒకే బీరువాలో ఉంచొద్దు. దీనికి ఎస్ఎస్‌డీ వాడొద్దు. మామూలు ఎస్ఎస్‌డీకి జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణం ప్రకారం, రాతల ఆయువు పూర్తయ్యాక కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది సమాచారం నిలిస్తే చాలు. కొత్తది అంతకంటే ఎక్కువ నిలుస్తుంది, అయినా కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి మూసిపెట్టే పెట్టెగా దాన్ని నమ్మలేం.

చదవని డిస్కును మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడవండి, గుండ్రంగా తుడవొద్దు. డిస్కు తప్పులు దిద్దుకునే పద్ధతి చుట్టును అడ్డంగా కోసిన చిన్న గీతను భరిస్తుంది, చుట్టు వెంబడి సాగిన గీతను భరించలేదు. సీడీలో సమాచారపు పొర పైన చీటీ వైపే, పల్చటి లక్క కింద ఉంటుంది. బాల్‌పెన్నుతో పేరు రాస్తే ఆ పొర మీద రాసినట్టే. డీవీడీలో రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది కాబట్టి కొంచెం నయం. అయినా చదవకపోతే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో ఒకసారి, ఎక్కడెక్కడ చదవలేదో అది రాసుకున్న అదే మ్యాప్ ఫైలుతో ఇంకో డ్రైవులో ఇంకోసారి చదివించండి. ఒక డ్రైవు వదిలేసిన చోట్లు ఇంకోటి చదవడం మామూలే.

వీటన్నిటికీ యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఒకటి ఉంటే సరిపోతుంది. ఇంటికొకటి కూడా వద్దు, నాలుగిళ్ళకొకటి చాలు. అది టిక్కుటిక్కుమని శబ్దం చేసి ఆగిపోతుంటే పవరు చాలడం లేదన్నమాట. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. డిస్కు తిరగడం మొదలైన క్షణంలో డ్రైవు ఒక ఆంపియర్ దాటి లాగుతుంది. నీలం పోర్టులో పెట్టండి, పొడుగు వైరు వద్దు, అడాప్టర్ లేని హబ్ అసలే వద్దు. రెండు తలలున్న వైరు దొరికితే ఇంకా మంచిది. విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ఆడించే సదుపాయం విండోస్‌తో పాటు రావడం లేదు, వీఎల్‌సీ వేసుకోండి. రీజియన్, అంటే సినిమా డీవీడీల ప్రాంతపు సంఖ్య, అడిగితే మనది 5. ఐదుసార్లకు మించి మార్చనివ్వదు, ఊరికే మార్చొద్దు.

కొత్త ల్యాప్‌టాప్ కొనే పిల్లలకు రెండే మాటలు. షాపులో సన్నగా ఉందా అని చూడకండి, ఆ మోడల్ సర్వీసు మాన్యువల్ ఫోన్‌లో తెరిచి చూడండి. ర్యామ్ స్లాట్ కనీసం ఒకటి విడిగా ఉందా, ఎం.2 స్లాట్ రెండోది ఖాళీగా ఉందా, బ్యాటరీ స్క్రూలతో ఊడుతుందా. డీవీడీ ఖాళీ చేసిన చోటు మీకు దక్కిందా లేదా అన్నది ఈ మూడింటితోనే తెలుస్తుంది. స్టోరేజి ఈఎంఎంసీ అని రాసి ఉంటే కొనకండి, అది బోర్డుకు అతికినది, నిండినరోజు మార్చలేరు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మా ల్యాప్‌టాప్‌లో డీవీడీలు చదువుతుంది, సీడీలు చదవదు. లెన్స్ క్లీనర్ వేసినా అంతే. డ్రైవు పోయినట్టేనా?)

మంచి ప్రశ్నమ్మా. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650. ఆ డ్రైవులో రెండు లేజర్లున్నాయి, ఒకటి చచ్చిపోయింది. ఎంత తుడిచినా రాదు. ట్రే కొంచెం కదిలిస్తే చదివి, మళ్ళీ ఆగిపోతుంటే అది వేరే జబ్బు. ట్రేతో పాటు ముందుకూ వెనక్కూ మడతపడే రిబ్బన్ వైరు చిట్లిందన్నమాట. మీ దానికి కొత్త డ్రైవు వేయించొద్దు, ఆ డబ్బుతో యూఎస్‌బీది కొనండి. ఈ ల్యాప్‌టాప్ పోయినా అది ఉంటుంది.

(స్టూడియో నడిపే ఒకరు: పెన్‌డ్రైవ్ ఇస్తామన్నా కొందరు పెద్దవాళ్ళు డీవీడీనే అడుగుతారు.)

ఇవ్వండి అన్నా, రెండూ ఇవ్వండి. డిస్కు మీద 4.7 అని ఉన్నా విండోస్ లెక్కలో 4.38 దాటదు, దాన్ని చూసుకుని ఎడిటింగ్‌లో సైజు పెట్టండి. 16 ఎక్స్‌లో రాయొద్దు, 8లో రాయండి, రాశాక వెరిఫై తప్పనిసరి. కాగితం స్టిక్కర్ అంటించొద్దు. రవ్వంత పక్కకు అతికినా డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది, తర్వాత వేడికి జిగురు పొంగుతుంది. నీళ్ళ ఆధారంగా చేసిన సీడీ మార్కర్‌తో పేరు, తేదీ రాయండి.

(సర్వీసు షాపు నుంచి ఒకరు: క్యాడీ వేశాక తీసేసిన డ్రైవును ఏం చేయమంటారు?)

పనిచేసేదైతే దాని మందానికి సరిపోయే యూఎస్‌బీ కేసు తెప్పించండి, 12.7కు వేరు, 9.5కు వేరు. కేసులో పెడితే అదే బయటి డ్రైవు అవుతుంది. పనిచేయనిదైతే ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వండి, చెత్తబండిలో వేయొద్దు. కేసులోకి పోయే డ్రైవుకు దాని సొంత మూత, వెనక పట్టీ అక్కర్లేదు, అవి క్యాడీకి పోయాయి. క్యాడీతో వచ్చిన కొత్త మూత, మిగిలిన సన్నటి స్క్రూలు మాత్రం చిన్న జిప్ కవరులో వేసి, కవరు మీద ల్యాప్‌టాప్ మోడల్ నంబరు రాసి, డ్రైవుతో పాటే కస్టమర్ చేతికివ్వండి.